బయటి పొయ్యి మీద సోయా

మా మామ నాగనాథ్ సారా మానేసినప్పుడు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. మటన్ మానేసినప్పుడు మాత్రం పాలు మాన్పించిన పిల్లాడిలా ఏడ్చాడు. ఊరికే అంటున్నాననుకోకండి, నేను ఆయన పెద్ద కోడల్ని, ఉమాబాయిని. ఒకే ఇంట్లో ఉండి కళ్ళారా చూసినదాన్ని.

మరాఠీ సీమలోని నాందేడ్‌లో, ఇత్వారా బజారు రోడ్డు మీద మా చీరల దుకాణం, దాని వెనక గల్లీలో మా ఇల్లు. గల్లీకంతా కలిపి మొదటి టీవీ వచ్చిన ఏడాది అది. అప్పటిదాకా గల్లీలో జనం సాయంత్రం పూట చూసే తమాషా మా మామే. దుకాణం మూసేవాడు, బేరాలు బాగుంటే సంతోషానికి తాగేవాడు, బాగా లేకపోతే దిగులుకు తాగేవాడు. ఒక్కోనాడు నడిచి వచ్చేవాడు, ఒక్కోనాడు నలుగురు మోసుకొచ్చేవారు. మా అత్త యమునాబాయి దీపాలు పెట్టే వేళకు గడప దగ్గర నిలబడి చెవులు రిక్కించేది. గల్లీ మలుపులో ఒక్క మనిషి అడుగులు వినిపిస్తే రొట్టెల పిండి కలిపేది. నలుగురివి వినిపిస్తే మంచం వాల్చేది. పెళ్ళయిన నాటినుంచీ ఆమెకు ఇదే పని.

ఆ ఏడాది ఆషాఢంలో గల్లీ చివరి విఠల మందిరం భజన మండలి పెద్ద అంబాదాస్ బువా మామను పట్టుకుని, దాదాపు మెడపట్టి, పండరికి తీసుకుపోయాడు. తిరిగొచ్చేటప్పటికి మామ మెడలో తులసి మాల ఉంది. మొక్కు తీరగానే తీసి పెట్టెలో పడేసే మాల కాదది. పండరి మాల వేసుకుంటే ప్రాణం పోయేదాకా వేసుకున్నట్టే. సారా ముట్టకూడదు, మాంసం ముట్టకూడదు. ఒకసారి తీశారంటే అంతే సంగతులు. మళ్ళీ పండరి దాకా పోవాలి, మళ్ళీ గురువు చేతుల మీద వేయించుకోవాలి, ఈలోగా ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు.

మామ మారిపోయాడండీ! సాయంత్రం తన కాళ్ళ మీద తానే వచ్చేవాడు. మా అత్త మొహం ఆ రోజుల్లో చూడాలి. ఒళ్ళు చేసింది, బుగ్గలు నునుపెక్కాయి, గిన్నెలు తోముతూ పాటలు కూనిరాగం తీసేది. నేను కాపురానికి వచ్చి అన్నేళ్ళయినా ఆమెకు గొంతుందని అప్పుడే తెలిసింది.

కానీ ఆదివారాలు వచ్చేవి. ఆదివారం వస్తే మామ అరుగు మీద కూర్చుని పక్కింటి పోశన్న చేతిసంచీ వంక చూసేవాడు.

"ఏం తెచ్చినవ్ పోశన్నా?"

"పొట్టేలన్నా."

"తొడనా?"

"తొడనే."

ఆ తర్వాత మామ విడిచే నిట్టూర్పుకు మా ఇంటి పర్దాలు ఊగేవి. లోపలికొచ్చి పీట మీద కూర్చునేవాడు. బీరకాయ కూర వడ్డిస్తే దాని వంక, చచ్చిపోయిన చుట్టాన్ని చూసినట్టు చూసేవాడు. మనిషి చిక్కిపోయాడు. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళకు చీరలు చూపిస్తూ, "గీ రంగు కలేజా రంగమ్మా, మస్తుగుంటది" అని, మేక కార్జంతో పోల్చి చెప్పాడట. మా ఆయన ఇంటికొచ్చి తల బాదుకున్నాడు.

ఒక శనివారం పొద్దున మామ తేల్చి చెప్పేశాడు.

"రేపు ఐతారం మాల తీస్త. విఠోబా పాదాల కాడ పెట్టి దండం పెట్టుకుంట. ఒక్క మటనే తింటనే యమునా. సారా ముట్ట. నీ మీద ఒట్టు."

అత్త చేతిలో చాట ఆగిపోయింది. "నా మీద నువ్వు పెట్టిన ఒట్లు నిజమైతే నేను ఎన్నడో చచ్చిపోదును. మాల మెడల ఉన్నన్ని దినాలే నువ్వు నా మనిషివి. మటన్ కోసం తీస్తవ్, మటన్ తిన్నంక నీ కాళ్ళు ఎటు పోతయో నాకు తెల్వదా?"

మామ చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు. అత్త వంటింట్లో మూలకు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం వస్తే ఊరికే ఉండలేను. ముందు ఏదో ఒకటి చేసేస్తాను, ఆలోచన సంగతి తర్వాత.

అప్పుడు గుర్తొచ్చింది, మహిళా మండలికి వచ్చిన టీచర్ బాయి చూపించిన సోయా వడి. ఇప్పుడు మీరంతా మీల్ మేకర్ అంటారే, అదే. అప్పట్లో మా గల్లీలో దాన్ని చూసినవాళ్ళు లేరు. చూడ్డానికి ఎండిపోయిన మేక పెంటికల్లా ఉంటాయి, తప్పుగా అనుకోకండి, ఉన్నమాటే అన్నాను. "వేడి నీళ్ళలో నానబెట్టి పిండండి, మటన్ మసాలాతో వండండి, మటన్ అని మీవాళ్ళే భ్రమపడతారు" అని ఆ బాయి చెబితే మేమంతా పగలబడి నవ్వాం. ఇప్పుడు పరుగున పోయి పెద్ద పొట్లం కొనుక్కొచ్చి అత్త ముందు పెట్టాను.

"గిదేందే?"

"బీన్సు అత్తా. సోయాబీన్. పప్పు లెక్క. మాల తీసే పనిలేదు. రేపు మామకు ఇదే పెడదాం."

అత్త ఒక గింజ తీసి కొరికింది. పన్ను నొప్పి పుట్టింది. "దీన్ని తింటే మాలనే గాదు, పండ్లు గూడ ఊడుతయ్" అంది. అన్నా, కళ్ళలో ఆశ పుట్టింది. ఆ సాయంత్రం మామ రాగానే, "రేపు నువ్వు ఏం తేకు. నేనే పెడత నీకు" అని మాత్రం చెప్పింది. మామ కళ్ళు ఇంతింత అయ్యాయి. పెళ్ళాం మనసు కరిగి తనే మటన్ వండబోతోందనుకున్నాడు. నేను నోరు కుట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున మామ దుకాణానికి పోగానే పని మొదలుపెట్టాం. ఎన్ని నానబెట్టాలో నేను ఆ బాయిని అడగలేదు. పొట్లం మొత్తం గిన్నెలో ఒంపి మరిగే నీళ్ళు పోశాను. స్నానం చేసి వచ్చేసరికి గిన్నె నిండి పొర్లుతోంది. బగోనెలోకి మార్చాం. బగోనె నిండింది. గంగాళంలోకి మార్చాం. అత్త ఆ ఉబ్బుతున్న వాటిని చూసి, "అయ్యయ్యో, ఉమా, గివి బతికున్నయే!" అని వెనక్కు దూకింది. నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరం చీర కుచ్చిళ్ళు దోపుకుని పిడికిళ్ళతో పిండడం మొదలుపెట్టాం. పిండితే చుయ్యిమని నీళ్ళు చిమ్మేవి, ఒకటి జారి నా రవికెలో పడింది. అత్త నన్ను చూసి నవ్వింది, నేను అత్తను చూసి నవ్వాను. అత్తాకోడళ్ళం పొట్టలు పట్టుకుని నేల మీద కూలబడ్డాం.

ఇక మసాలా. ఎండుకొబ్బరి, ఉల్లిగడ్డ నిప్పుల మీద కాల్చి, నువ్వులు, గసాలు, రాతిపువ్వు వేయించి, ఎల్లిపాయ వేసి నూరే నల్ల మసాలా. మా అత్త చేతి నల్ల మసాలాకు ముఖేడ్ ఊరి నుంచి మా చుట్టాలు నింపి ఇమ్మని ఖాళీ సీసాలు పంపేవారు. ఆషాఢం తర్వాత ఆమె ఆ మసాలా నూరడం అదే మొదటిసారి. నూరుతుంటే చేతి గాజులు పాట పాడినట్టే ఉంది. అంతా ముద్ద చేసి బగోనె ఎత్తుకుని అత్త పెరట్లోకి నడిచింది.

"ఎటు అత్తా?"

"బయటి పొయ్యి కాడికి."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా గల్లీలో ఏ ఇంట్లోనూ మాంసం లోపలి వంటింట్లో వండరు. దానికి పెరట్లో వేరే పొయ్యి, వేరే బగోనె, వేరే గంటె. మా లోపలి పొయ్యి దేవుడి అర్రను ఆనుకునే ఉంటుంది.

"అత్తా, ఇది పప్పు. లోపల వండితే తప్పేంది?"

"పప్పే. కానీ మసాలా? మటన్ మసాలా దేవుని గోడ పక్కన ఎన్నడన్న మరిగిందా? విఠోబా ముక్కుల పడితే?"

"విఠోబాకు తెల్వదా అది పప్పని?"

"విఠోబాకు తెలుస్తది. నా చేతికే తెల్వది. నా చెయ్యి గీ మసాలా పట్టుకుంటే బయటికే పోతది."

మా అత్తతో వాదించడం నా తరమా! బయటి పొయ్యి వెలిగించింది. పిడకలు తొందరగా అంటుకోవని ఆ సోయా పొట్లం కాగితమే ముట్టించి పెట్టింది. కాగితం భగ్గుమంది. మసాలా నూనెలో పడింది. వాసన లేచింది చూడండీ, అబ్బ, ఇప్పటికీ తలచుకుంటే నోరూరుతుంది. గోడ దాటింది, గల్లీ దాటింది.

గోడ మీద మొదట పోశన్న పెళ్ళాం గంగుబాయి తలకాయ లేచింది. మా పెరట్లో బయటి పొయ్యి పొగ చూసింది, బయటి బగోనె చూసింది, అందులో నల్లటి పులుసులో కుతకుతలాడుతున్న ముక్కలు చూసింది.

"అవ్వో! మాలేసుకున్నోళ్ళ ఇంట్ల మటన్!"

ఆమె గొంతు మైకుకన్నా ఘనం. "మటన్ గాదు గంగూ!" అని నేను అరిచేలోపు తలకాయ మాయమైంది. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. ఆ కబురు ఇటు దుకాణానికీ అటు మందిరానికీ ఒక్కసారే చేరింది.

ముందు మామ వచ్చాడు. నడిచి కాదు, ఉరికి. చెప్పులు ఒకటి గడప లోపల, ఒకటి బయట. కాళ్ళు కడుక్కున్నాడు, పెరట్లోనే పీట తానే వేసుకున్నాడు, ముక్కు ఎగబీలుస్తూ పెళ్ళాన్ని ఎంత ప్రేమగా చూశాడంటే నేను సిగ్గుపడి మొహం తిప్పుకున్నాను.

"యమునా, నువ్వు దేవతవే!"

అత్త అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో తలుపు దగ్గర, "పాండురంగ! పాండురంగ!" అని వినిపించింది. అంబాదాస్ బువా, ఆయన వెనక భజన మండలి, వాళ్ళ వెనక గల్లీ అంతా. ఒకడి చేతిలో భజన తాళాలు అలాగే ఉన్నాయి, కంగారులో కింద పెట్టడం మరిచినట్టున్నాడు, అడుగు వేసినప్పుడల్లా ఖణ్ ఖణ్‌మంటున్నాయి.

బువా పెరట్లోకి వచ్చి పొయ్యి వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. "నాగనాథ్‌రావ్, మాళ్ కాఢా" అన్నాడు మరాఠీలో. మాల తియ్యి అని. "నేనే ఏయించిన, నేనే తీసుకపోత. దేవుని ముంగట నన్ను పలుచన చేసినవ్."

నిజం చెప్పొద్దూ, మామ మొహంలో బాధ కన్నా ఎక్కువ ఇంకేదో కనిపించింది. తన నోటితో తాను అడగకుండానే విడుదల దొరుకుతోంది కదా! చెయ్యి మాల మీదికి పోయింది.

అత్త గంటె ఎత్తి మధ్యలోకి దూకింది. "ఆగుండ్రి! ఎవలు ముట్టకుండ్రి! అది మటన్ గాదు. బీన్సు!"

గల్లీ అంతా ఒక్కసారి నవ్వింది. "బీన్సట!"

"పొట్లం చూపియ్యి" అన్నాడు బువా.

పొట్లం పొయ్యిలో బూడిదై ఉంది. ఒక్క ఎండు గింజ మిగిల్చామా అంటే అదీ లేదు, మొత్తం నానబెట్టింది నేనే.

"నువ్వే తిని చూడు బువా, తెలుస్తది" అన్నాను నేను.

"శివ శివ! నేను పుట్టిన కాడికెల్లి మాంసం ముట్టలే. తిన్నా నాకేం ఎరుక, మటన్ ఎట్లుంటదో?"

అదీ న్యాయమే. మండలిలో ఉన్నవాళ్ళందరి మెడల్లో మాలలు, వాళ్ళు ముట్టరు. మాల లేనివాడు, మటన్ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు గల్లీలో ఒక్కడే. అందరూ పోశన్న వైపు తిరిగారు. పోశన్న అప్పటికే చెయ్యి కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఊ... ఇంకొకటి వెయ్యి వదినె. ఒక్కదానితోని చెప్పరాదు." రెండోది తిన్నాడు. "ఒక రొట్టె ముక్క ఉంటే..." రొట్టె ఇచ్చాం. గంటెడు పులుసు పోయించుకుని చేతులు నాకి, నిదానంగా తీర్పు చెప్పాడు.

"పొట్టేలు. లేతది."

"నీ నోట్ల మన్ను పడ!" అన్నాను నేను. "పొట్టేలైతే బొక్కేదీ? ఒక్క ఎముక చూపియ్యి!"

"వదినె చేతిల బొక్క గూడ కరుగుతది" అన్నాడు ఆ మహానుభావుడు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు, మా కొంప ముంచుతున్నానని తెలియలేదు.

బువా గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. "నాగనాథ్‌రావ్, ఒక పని చెయ్యి. మాల తీసి నాకియ్యి, నువ్వే తిని చూడు. బీన్సే అయితే మల్ల నేనే ఏస్త."

మామ గబుక్కున మాల పట్టుకుని సగం తల మీదికి ఎత్తేశాడు.

"తీయకు!" అని అరిచింది అత్త. ఆమె అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. గంటె కింద పడేసింది. "ఒకసారి తీస్తే మల్ల పండరిలనే ఎయ్యాలని నువ్వే చెప్పినవ్ గద బువా? ఇప్పుడు గల్లీలనే ఏస్తవా?" అత్త మామ వైపు తిరిగింది. పదిమందిలో మొగుడి మొహం చూసి మాట్లాడని మనిషి, కొంగు జారుతున్నా చూసుకోలేదు.

"నీకు మటన్ పెట్టొద్దని నాకు పంతమా? నీ కోసం పొద్దున నుంచి చేతులు గుంజేదాక పిండిన. నాకు దేవుడు గాదు, మాల గాదు, నువ్వు కావాలె. నీ కాళ్ళ మీద నువ్వు ఇంటికొచ్చే సప్పుడు కావాలె. నలుగురు నిన్ను మోసుకొస్తే నేను ప్రతిసారి అనుకునేదాన్ని, ఇయ్యాల బతికున్నడా లేడా అని. ఆ మాల తీస్తే నాకు మల్ల గదే బతుకు. అది మటన్ గాదయ్యా. నమ్మితే నమ్ము, లేకపోతే తీసెయ్యి."

మామ మాల చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పులుసు వాసన ఆయన మొహం మీదికే వస్తోంది. తీస్తే మటనూ దొరుకుతుంది, సాయంత్రం సారా అడ్డా కూడా దొరుకుతుంది, అడిగేవాడు లేడు. ఈయన తీస్తాడు, ఖాయంగా తీస్తాడు అనుకున్నాను.

మామ మాలను మళ్ళీ మెడలోకి జార్చుకున్నాడు. అంగీ లోపలికి కూడా తోయలేదు, అందరికీ కనబడేలా పైనే ఉంచుకున్నాడు.

"బువా, ఇది మాంసమైతే పాపం నాది. నువ్వు తీసుడు కాదు, నేనే తెంపి నీ చేతుల పెడత. కానీ యమున గాదన్నది. నేను తాగొచ్చి దీనికి లక్ష అబద్ధాలు చెప్పిన. అది నాకు ఒక్కటి చెప్పలే."

మాల మెడలో ఉండగానే బగోనె దగ్గర గొంతుక్కూర్చుని, ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మండలి వాళ్ళు "విఠ్ఠల, విఠ్ఠల" అని చెవులు మూసుకున్నారు. చెవులెందుకు మూసుకున్నారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మామ నమిలాడు. నమిలాడు. ఆగాడు. మళ్ళీ నమిలాడు. ఆయన మొహం ఉత్సాహంతో మొదలై, అనుమానంలోకి దిగి, చివరికి తీరని దుఃఖంలోకి కూలిపోయింది. పాపం, పెళ్ళాం మాట మీద నమ్మకంతోనే తిన్నాడు గానీ, మనసులో ఏ మూలో ఆమె మాట అబద్ధం కావాలని ఆశ కూడా ఉన్నట్టుంది.

"ఇది మటన్ గాదు" అన్నాడు, చావు కబురు చెప్పినట్టు.

"ఖరా?" అన్నాడు బువా. నిజమా అని.

మామకు కోపం నషాళానికి అంటింది. "మటన్ గిట్ల ఉంటదా బువా? నమిలితే స్పంజు లెక్క పులుసు కారుతంది! కొవ్వేది? నరమేది? నా పానమంతా మటన్ మీదనే ఉన్నది, నాకు తెల్వదా? ఏయ్ పోశన్నా! నీది నాలుకనా, చెప్పు తోలా? గిన్నేండ్లు మటన్ తిన్నవ్, గిదా నువ్వు నేర్చుకున్నది?"

నిర్దోషిగా బయటపడ్డవాడు అంత ఏడుపు మొహంతో తిట్టడం గల్లీలో ఎవరూ చూసి ఉండరు. అదే మాకు సాక్ష్యమైంది. ముందు గంగుబాయి ఫక్కుమంది, ఆమె మొగుడు తల గోక్కున్నాడు. ఆ తర్వాత తాళాలవాడు నవ్వలేక తాళాలు కింద పడేశాడు. అంబాదాస్ బువా భుజాలు కదిలాయి, గడ్డం కదిలింది, ఆఖరికి కళ్ళు తుడుచుకుంటూ, "పప్పే అయితే మాకు పెట్టవా వదినమ్మా?" అన్నాడు. మండలి అంతా అక్కడికక్కడే బంతి కూర్చుంది. నేను రొట్టెలు చేయలేక చచ్చాను. ఆ గంగాళం సోయా ఎలా అయిపోతుందా అని బెంగపడ్డది నేనేనా అనిపించింది.

అత్త మాత్రం పొయ్యి పక్కన నేల మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోతోంది. మామ తన పళ్ళెం ఎత్తుకుని వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఒక ముక్క తిన్నాడు, మొహం చిట్లించాడు.

"మటన్ గాదే" అన్నాడు.

పళ్ళెం ముందుకు తోశాడు. ఆమె గంటెడు వేసింది. అదీ తిన్నాడు. రొట్టె తుంచుకుని పులుసు తుడిచి తిన్నాడు, పళ్ళెం మళ్ళీ తోశాడు, గొణుగుతూనే.

"నువ్వు ఎంత వండినా గిది మటన్ గాదే యమునా."

"గాదు" అంది అత్త, కళ్ళు తుడుచుకుని బగోనె అడుగుదాకా గీకి వడ్డిస్తూ. "ఇగ ఈ జన్మల గాదు. తిను."